గోడల లోపల వంట

మెట్‌పల్లిలో మా వాకిట్లో రోజూ నలుగురం కూర్చుని బీడీలు చుడతాం. నలుగురి మొగుళ్లూ గల్ఫ్‌లోనే, తలా ఒక దేశంలో. మొగుడు ఏ దేశంలో ఉంటే దాన్ని 'మా దేశం' అంటాం. ఒకసారి పక్కింటి అక్క వాళ్ల దేశం మా దేశానికి దారులు మూసేసింది. నేను మూడు రోజులు ఆమెకు చేబదులుగా తంబాకు ఇవ్వలేదు. తర్వాత ఆ రాజులు కలిసిపోయారు, మేమూ కలిసి చాయ్ తాగాం. అప్పట్లో అదంతా మాకు నవ్వులాట.

మా ఆయన మొదట అక్కడ ఎండలో తాపీపని చేసేవాడు. రెండేళ్ల కిందట మిలిటరీ క్యాంపులో వంటపని దొరికింది. సైనికులు వేరే దేశం వాళ్లు. "తుపాకుల నడుమ నాకెందుకే?" అని ఆయన వెనకాడాడు. నాకు చిర్రెత్తింది.

"తుపాకులున్న కాడికి ఎవడొస్తడు? గంత పెద్ద గోడలు, గన్ని విమానాలు. గంతకన్న భద్రం యాడుంటది?" అన్నాను. ఆయన చేరాడు. నేను వాకిట్లో నెలరోజులు గొప్పలు పోయాను.

ఈమధ్య ఆ దేశాల మధ్య మళ్లీ రాజుకుంది. నిన్నటి దోస్తులు ఇవాళ ఎటువైపో టీవీవాళ్లకే తెలియదు. ఒక సాయంత్రం గంజి వంచుతుంటే అత్తమ్మ కేకేసింది. క్షిపణులు పడ్డాయట. పట్నం మీద కాదు, కూలీల గదుల మీద కాదు, సరిగ్గా ఆ క్యాంపు మీద.

ఫోన్ కలవలేదు. పొయ్యి దగ్గరికీ గడప దగ్గరికీ తిరిగాను. కొండగట్టు అంజన్నకు మొక్కాను, అది చాలదేమోనని ఇంకో మొక్కు కలిపాను. నా నోటితో నేనే పంపించాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశాడు.

"నువ్వన్నదే నిజమైంది. గోడలు గట్టియి, మాకేం కాలే" అన్నాడు. నా మనసు కష్టపడొద్దని అలా అంటున్నాడని నాకు తెలుసు. మాట పూర్తికాకముందే వెనక సైరన్ మోగింది.

"ఇంటికి రా" అన్నాను. ఆయన గల్ఫ్ పోయిన పదేళ్లలో అలా అనడం అదే మొదటిసారి.

"కంట్రాక్టు ఇంక ఎనిమిది నెలలుంది. పరేషాన్ గాకు" అని పెట్టేశాడు.

తెల్లారి వాకిట్లో పక్కింటి అక్క నా పక్కకు జరిగింది. వాళ్లాయనకు పని పోయిందట.

"మీ ఆయన కాడ మా ఆయనకు గూడ ఏమన్న చూడమను చెల్లె. గోడలుంటయి, తుపాకులుంటయి. భద్రం గదా."

ఒక్కో మాటా నాదే. తునికాకు కత్తిరిస్తున్న కత్తెర పక్కన పెట్టాను.

"వద్దక్కా" అన్నాను. "ఆ తుపాకులను చూసే కొడుతున్నరు. నేనే తెల్వక మా ఆయన్ను తోలిన."