మందుచీటీ మీద ‘డిస్‌కంటిన్యూ’

చదువు రానివాళ్లకు మందు మానేయమని ఇంగ్లీషులో రాసేది ఎవరి కోసం? ఏళ్లుగా నాకిదే ప్రశ్న.

పలాసలో జీడిపిక్కలు కొట్టే మా పక్కింటి నీలమ్మ పిన్ని, కాళ్లు వాచాయని ఈ రోజు పోయిన నెల మందుచీటీ పట్టుకొచ్చింది. నొప్పి మాత్ర పేరు పక్కన ‘డిస్‌కంటిన్యూ’ అని ఉంది. కిడ్నీ జబ్బున్న మనిషి, ఆ మాత్ర ఆమెకు విషం! నెలంతా రెండు పూటలా మింగుతూనే ఉంది.

“మానేయమని రాశారు పిన్నీ!” అని అరిచేశాను.

“నా మీదరుత్తావేటే తల్లీ? మానేత్తే నడుం లెగదు. నా పిక్కలు నువ్వొచ్చి కొడతావేటి?”

చీటీ రాసినవాళ్లను కసితీరా తిట్టుకున్నాను. రేపు ఆసుపత్రికి నేనే తీసుకెళ్తున్నాను. మీరైతే ఆమెకేం బదులు చెప్పేవారు? ఆ ముక్క తెలుగులో చెప్పి ఉంటే మాత్రం మానేసేదా? నాకింకా తేలడం లేదు.