తాళాలాయన మీద పడ్డ బాకీ

మేడమెట్ల కింద ఇరుకు గదిలో తాళాలు బాగుచేసే ఆయన్ని అందరూ తాళాలాయన అనే పిలుస్తారు. అంతకుముందు ఆ గదిలో అద్దెకున్న ఫొటోగ్రాఫర్ చెప్పాపెట్టకుండా ఖాళీ చేస్తూ బల్లమీది టెలిఫోన్‌ను వదిలేసి వెళ్ళాడు. తాళాలాయన ఆ కనెక్షన్‌ను తన పేరుకు మార్పించుకుని, ఆ నంబరుతో చిన్న చిన్న స్టిక్కర్లు అచ్చు వేయించాడు. తాను బాగుచేసిన ప్రతి తలుపు మీదా గొళ్ళెం కింద ఒకటి అంటించేవాడు. తాళంచెవి పోగొట్టుకుని సొంత గుమ్మం బయట నిలబడ్డ మనిషి కళ్ళు ముందు వెళ్ళేది అక్కడికేనని ఆయన నమ్మకం.

భార్య పోయాక కాపురమూ ఆ గదిలోకే మారింది. తెర అవతల ఒక మడతమంచం, ఒక గిన్నె, ఒక కంచం. అరగదీస్తున్న తాళంచెవులతో మాట్లాడుకోవడం అలవాటైందని ఆయనే చెప్పి నవ్వేవాడు.

నేను ఉచిత న్యాయ సలహా కేంద్రంలో పనిచేస్తాను. ఆయన ఒక వసూళ్ళ సంస్థ పంపిన నోటీసులు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. క్రెడిట్ కార్డు బాకీ కట్టమని వాటి సారాంశం.

"ఈ కార్డు మీదేనా?"

"నాకు కార్డులెక్కడివమ్మా? శుభలేఖలు రావడం కూడా మానేశాయి."

కార్డు ఫొటోగ్రాఫర్‌ది. అతను కనిపించకపోయేసరికి, అతను బ్యాంకుకు ఇచ్చిన ఈ ఫోన్ నంబరు ఇప్పుడు ఎవరి పేరున ఉందో కనుక్కుని, ఆ పేరు మీదికే బాకీని తోసేశారు. ఇంత తేటతెల్లమైన తప్పును ఒక్క ఉత్తరంతో తేల్చేయవచ్చని నేను ఉత్సాహపడుతుండగా, కాగితాల్లో ఒక రసీదు కనబడింది.

"ఇదేమిటి? మీరు కొంత కట్టారా?"

"కట్టాను."

"మీది కాని బాకీ ఎందుకు కట్టారు?"

"రోజూ ఒకే అమ్మాయి ఫోన్ చేసేదమ్మా. ఆ రోజు గొంతు తేడాగా ఉంది. ఈ ఫైలు మీద ఏమీ వసూలు కాకపోతే రేపటినుంచి పనిలోకి రావద్దన్నారట. మా పనిలో గుమ్మం బయట నిలబడ్డవాళ్ళతో వాదన పెట్టుకోం. ముందు తలుపు తీస్తాం. మిగతాది తర్వాత."

"ఇది గుమ్మం కాదు, బాకీ. ఆ కాస్తా కట్టి మొత్తం మీదేనని ఒప్పుకున్నారని వాళ్ళు రాసుకున్నారు."

"ఆ అమ్మాయి ఉద్యోగం మాత్రం నిలబడింది లెండి."

నేను తల పట్టుకున్నాను.

ఆయన భయం డబ్బు గురించి కాదు. వసూళ్ళ మనుషులు ఆయనకు ఎక్కువ పని దొరికే అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర నిలబడి ఆయన్ని ఎగవేతదారని అరిచి వెళ్ళారు. ఆ సాయంత్రమే అక్కడి సెక్రటరీ తలుపుల మీది స్టిక్కర్లన్నీ గీకించేశాడు. బాకీలు ఎగ్గొట్టే మనిషి చేతికి ఇంటి తాళం ఎవరిస్తారని అడిగాడట.

"ఆ మనిషి నేను కాదని ఒక కాగితం ఇప్పించండమ్మా. ఇంకేమీ వద్దు," అన్నాడు తాళాలాయన.

బ్యాంకుకు రాశాను. జవాబు లేదు. వాళ్ళ పై అధికారికి ఫిర్యాదు చేశాక, కార్డు కోసం ఇచ్చిన దరఖాస్తు నకలు కదిలి వచ్చింది. దాని మీది సంతకం, మొహం రెండూ ఫొటోగ్రాఫర్‌వే.

"తన ఫొటో మాత్రం బాగా తీసుకున్నాడు," అన్నాడు తాళాలాయన.

దయతలచి కాస్త చెల్లించినంత మాత్రాన పరాయి మనిషి రుణగ్రస్తుడు కాడని నేను వసూళ్ళ సంస్థకు రాసిన సుదీర్ఘమైన ఉత్తరానికి రెండు వాక్యాల సమాధానం వచ్చింది. బాకీ ఆయనది కాదట, ఫైలు మూసేశారట. క్షమాపణ మాటే లేదు. పరిహారానికి దావా వేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు.

ఆ ఉత్తరంతో ఇద్దరం అపార్ట్‌మెంట్లకు వెళ్ళాం. సెక్రటరీ గేటు దగ్గరే నిలబడి చదివాడు.

"పొరపాటన్నమాట. పోనీండి. కాకపోతే ఈలోగా వేరే అతన్ని కుదుర్చుకున్నాం. స్టిక్కర్లంటారా, అంటించుకోండి, అడ్డేముంది?"

తాళాలాయన ప్రతి గుమ్మం ముందూ వంగి, పాత మరకల మీదనే కొత్తవి అంటించాడు. అప్పటినుంచి ఉత్తరాన్ని పనిముట్ల సంచిలోనే పెట్టుకుని, అరాకొరా పని దొరికిన చోట అడగకుండానే తీసి చూపించేవాడు.

ఫోన్ మోగడం దాదాపుగా ఆగిపోయింది. అప్పుడప్పుడు రిసీవరెత్తి, లోపల చప్పుడు ఉందో లేదో విని పెట్టేసేవాడు.

"బాకీ ఉన్నప్పుడు రోజుకొక్కసారైనా పలికేదమ్మా ఇది. చివరి రోజుల్లో ఆ పిల్ల భోంచేశారా అని కూడా అడిగేది," అన్నాడు ఒకసారి. నాకు ఒళ్ళు మండింది.

మా కేంద్రంలో మూసేసిన ఫైలు మీద ఆయన సంతకం కోసం నేను వెళ్ళిన సాయంత్రం ఆ ఫోన్ మోగింది. గది ఎంత చిన్నదంటే అవతలి గొంతు నాకూ వినబడింది.

"అంకుల్, నేనే. ఫైలు గురించి కాదు. నా గది తలుపుకు దానంతటదే తాళం పడిపోయింది. తాళంచెవి, ఫోను లోపలే ఉండిపోయాయి. పక్కవాళ్ళ ఫోను అడిగి చేస్తున్నాను. ఇన్నాళ్ళు నొక్కీ నొక్కీ నాకు కంఠతా వచ్చిన నంబరు మీదొక్కటే."

"ఆఫీసువాళ్ళకు చెప్పలేకపోయావా?"

"ఆ పని పోయింది అంకుల్. మీ ఫైలు మూసేశాక."

"సరే, కంగారు పడకు. ఏ వీధి?"

ఆయన అప్పుడే సంచి అందుకున్నాడు. నేను ఉండబట్టలేకపోయాను.

"ఆమె ఎదుటి పక్షం. మీ వీపున ఆ బాకీ మోపినవాళ్ళ మనిషి."

"ముందు తలుపు తీసొస్తానమ్మా. వచ్చాక వాదించుకుందాం."

గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. సంచిలోంచి ఉత్తరం తీసి, మడత సరిచేసి, బల్లమీద పెట్టాడు.

"ఆ పిల్లకు ఇది చూపించక్కర్లేదు. కాసేపు కూర్చోండి. ఎవరైనా చేస్తే వచ్చేస్తున్నానని చెప్పండి."

ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఎదుట మేకులకు ఏ తలుపుకూ చెందని పాత తాళంచెవులు వేలాడుతున్నాయి. ఆయన తిరిగి వచ్చేదాకా ఫోన్ మోగలేదు.