బండి మీద గాడిద కట్టు

కొత్తగా జీతం అందుకునే రోజుల్లో మనిషికి ఒక వింత జబ్బు చేస్తుంది. పుట్టినప్పటి నుంచి ఇంట్లో ఉన్నదేదీ కంటికి ఆనదు. అదే వస్తువు అట్టపెట్టెలో ప్లాస్టిక్ చుట్టుకుని వస్తే మాత్రం ప్రాణం లేచొస్తుంది. తెలంగాణ వచ్చిన మూడు నాలుగేళ్లకు మహబూబ్‌నగర్‌లో సెల్ టవర్ల మరమ్మతులు చూసే ఒక చిన్న కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది. దాంతోపాటే ఈ జబ్బూ పట్టుకుంది. తోటి ఉద్యోగులు ఇద్దరు, ఒకడు లంబు (ఆరడుగుల మనిషి), ఇంకొకడు మ్యాపు (పక్క వీధి చాయ్ బండికి పోవాలన్నా ఫోన్లో దారి చూసేవాడు), నందికొండ దగ్గర కృష్ణ ఒడ్డున గుడారం వేసుకుని ఒక రాత్రి ఉండి వద్దామన్నారు. నేను ఎగిరి గంతేసి ఆన్‌లైన్‌లో గుడారం, పడుకునే సంచులు, కొక్కేల లబ్బరు తాళ్లు తెప్పించాను. నిజానికి ఆరుబయట పడుకోవడం మా ఇంటికి కొత్త కాదు. బాపు ఏటా ఎండాకాలం గొర్ల మందతో కృష్ణ ఒడ్డు దాకా పోయి, నెలల తరబడి చేలల్లోనే పడుకుని వచ్చేవాడు. బియ్యం, గిన్నెలు, గొంగళ్లు అన్నీ గాడిద మీదే. కానీ ఆయనది బతుకుదెరువు, నాది క్యాంపింగు. రెండూ ఒకటేనన్న ఆలోచన నాకు లేశమైనా రాలేదు. (మీ నాయన ఏం చేస్తాడని ఆఫీసులో అడిగితే "వ్యవసాయం" అనేవాణ్ని. గొర్లంటే నవ్వుతారని భయం.)

మా ఊరు కల్వకుర్తి పోయే దారిలోనే ఉంటుంది. వాళ్లిద్దరూ ఒకే బండి మీద వచ్చి ఊరి బయట రోడ్డు మీద నన్ను కలుసుకోవాలి. సామానంతా నా బండి మీదే. పొద్దున్నే లేచి, వీడియోలో చూసినట్టే అన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి, లబ్బరు తాళ్లు బిగించి, ఊళ్లోకి ఒక చుట్టు తిరిగి వద్దామని బయల్దేరాను. మూల తిరిగేసరికి గుడారం ఒక పక్కకు ఒరిగి, దానితో పాటు నేనూ ఒరిగి, సర్పంచి గారి బర్రె ముందు బండితో సహా పడుకున్నాను. బర్రె నన్ను చాలాసేపు చూసింది. ఇంటి ముందు వేపపుల్ల నములుతున్న బాపు వచ్చి బండి లేపాడు, దాన్ని తోసుకుంటూ ఇంటికి తెచ్చి తాళ్లన్నీ విప్పేశాడు.

"గిదేం కట్టుడు బిడ్డా? బరువంత నెత్తిన వెట్టినవ్. గాడిదకు ఒక్క దిక్కు బరువైతే గది పండుకుంటది. నీ బండి నిన్నే పండవెడ్తది."

రెండు గోనె సంచులు తెచ్చాడు. సామాను రెండింట్లో సర్ది, ఒక్కో సంచినీ ఒక్కో చేత్తో ఎత్తి చూసి, బియ్యం పొట్లం ఇందులోంచి అందులోకి మార్చి, మళ్లీ ఎత్తి చూశాడు. నచ్చాక రెండింటినీ కలిపి కట్టి, సీటుకు అటొకటి ఇటొకటి వేలాడదీశాడు. మోకు తీసుకుని కింద నుంచి బిగిస్తుంటే చూడాలి, అసలు తొందరే లేదు. చివరి ముడి వేయబోతూ ఆగి సైలెన్సరు చూపించాడు.

"గీ గొట్టం కాలుతదా బిడ్డా?"

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద లంబు హారన్ మోగింది. నెత్తికి రుమాలు, చేతిలో మోకు ఉన్న బాపు వాళ్ల కంట పడకూడదన్నదొక్కటే నాకప్పుడు ముఖ్యం.

"ఏం కాదు బాపూ, జల్ది కట్టు."

ముడి వేశాడు. బండి వెనక రెండు సార్లు చరిచి, "ఛల్" అన్నాడు. (బండి దానంతట అదే కదులుతుందని ఒక్క క్షణం ఎదురుచూశాడేమో, నాకు తెలియదు.)

కట్టు అద్భుతంగా ఉంది. గుంతలో పడ్డా, మలుపు తిరిగినా వీసమెత్తు కదల్లేదు. కల్వకుర్తి దాటి దేవరకొండ వైపు పోతుంటే ఎదురొచ్చిన ట్రాక్టరాయన చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. "అన్నా, పొగ వస్తాంది!" అని ఆయన అరిచాకే వెనక్కి చూశాను. గోనె సంచి రాజుకుంటోంది. ముగ్గురం ఇంజినీరింగు చదివినవాళ్లం ఆ ముడి విప్పడానికి మూడు వైపుల నుంచి గుంజాం. గుంజేకొద్దీ బిగిసింది. తాగే నీళ్లన్నీ పోశాక, ఎవరి చేతికి ఏ కొస తగిలిందో గానీ, ఒక్కసారిగా మొత్తం విడిపోయింది. గుడారానికి అన్నం పళ్లెమంత బొక్క.

"ఎవడ్రా గిట్ల కట్టింది? గాడిద మీద కట్టినట్టు!" అన్నాడు లంబు, నవ్వాపుకోలేక.

"మా ఊర్ల ఒకాయన. గొర్లు కాస్తడు," అన్నాను. అని, వాళ్లతోపాటు నేనూ నవ్వాను.

మరునాడు పొద్దున నేను కృష్ణ నీళ్లలో మొహం కడుక్కుంటుంటే రాయి మీద నా ఫోన్ మోగింది. లంబు ఎత్తాడు. బాపు ఫోన్లో మాట్లాడితే మందను పిలిచినట్టే ఉంటుంది, స్పీకరు అక్కర్లేదు.

"బిడ్డా, నేను కట్టింది జారలేదు గద? గా గొట్టం దిక్కే నాకు ఫికరుండె. ఏమన్న కాలిందా?"

లంబు నా వైపు చూశాడు. నేను చెప్పిన ఆ 'ఒకాయన' మా బాపేనని, తప్పు గొట్టానిది గానీ ఆయనది గానీ కాదని వాడికి అర్థమైపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"కాలలేదు బాపూ," అన్నాడు వాడు. "మస్తు కట్టినవ్. నేను నీ కొడుకు దోస్తును. ఇప్పుడు మళ్ల కట్టాలె. ఎట్ల కట్టాల్నో జర చెప్తవా?"

బాపు పావుగంట చెప్పాడు. వాళ్లిద్దరూ నేర్చుకుంటూ కట్టారు. నేను సంచి పట్టుకుని నిలబడ్డాను, సైలెన్సరుకు దూరంగా.

గుడారం కాలిన సంగతి ఇంటికి పోగానే బాపుకు చెప్పాను. "ఏం కాదంటివి గద," అని నవ్వాడు. ఆ 'ఒకాయన' మాట మాత్రం ఇన్నేళ్లుగా చెప్పలేదు. ఇప్పుడు నలుగురి కోసం రాస్తున్నాను గనక ధైర్యం వచ్చింది. చిక్కేమిటంటే, బాపుకు చదువు రాదు. నేనేం రాసినా పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకుంటాడు. ఈ సాయంత్రం కూడా అడుగుతాడు. బర్రె దగ్గర గట్టిగా నవ్వుతాడని తెలుసు. ఆ ఒక్క వాక్యం దగ్గరికి వచ్చాక దగ్గు నటించకుండా, పేజీ తిప్పకుండా, ఆయన మొహం చూసి చదవాలి.