పంచమం తగ్గిందని చెప్పిన రోజు

మా వయొలిన్ మాస్టారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నేను విజయనగరంలో మా ముందుగదిలో కూర్చుని పాఠానికొచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి వయొలిన్ శ్రుతి చేస్తున్నాను. ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లకి ఈ మాట అర్థమవుతుంది, మిగతావాళ్లకి చెప్పాలి.

ఆయనంటే మాకు మొదట్నుంచీ భయమే. కొట్టేవారు కాదు, అరిచేవారూ కాదు. నచ్చకపోతే "రేపట్నుంచి రాకు" అనేవారు, అంతే. ఒకబ్బాయి మొదటి పాఠాలైన సరళీ స్వరాలే ఇన్ని నెలలు ఎందుకని అడిగాడు. మర్నాటి నుంచి వాడి చోటు ఖాళీ. మా నాన్న గజపతినగరం దగ్గర వరి, నువ్వులు పండించే రైతు. సంగీతం మా ఇంటా వంటా లేదు. కాళ్లావేళ్లా పడి నన్ను చేర్పించి, తిరిగి బస్సెక్కుతూ ఒకటే మాట చెప్పాడు. "ఆయనకి ఎదురు సెప్పకే తల్లీ. పొమ్మంటే మరెక్కడికి పోతాం?"

మాస్టారి పద్ధతి ఒకటుండేది. తీగలు బిగించే బిరడలు మేము ముట్టుకోకూడదు. వరసగా కూర్చున్న మా దగ్గరకొచ్చి, ఒక్కొక్క వయొలిన్నీ తనే ఒళ్లో పెట్టుకుని, సన్నగా రాగం తీస్తూ శ్రుతి చేసి ఇచ్చేవారు. పాఠం అయ్యాక వాయించే కమాను నుంచి రాలిన తెల్లటి గుగ్గిలం పొడిని కూడా తన కండువా అంచుతో ఆయనే తుడిచేవారు. "తీగకి దాపరికం తెలీదు, మనకే తెలుసు" అనేవారు తుడుస్తూ.

నేను డిప్లొమా పరీక్షకి కట్టిన ఏడాది ఆయన చెవి చెడింది. ‘ప’ పలికే పంచమం తీగని శ్రుతికి వెంట్రుకవాసి తగ్గించి ఇవ్వడం మొదలుపెట్టారు. అందరికీ వినిపించింది, ఎవరూ నోరు మెదపలేదు. పైగా మేము చేసిన ఘనకార్యం చూడండి. ఆ తీగని ఖాళీగా మోగనివ్వకుండా, దాని మీద ప్రతి స్వరానికీ వేలు కాస్త ముందుకు జరిపి, తప్పు తీగ మీద ఒప్పు పలికించడం నేర్చుకున్నాం. గురుభక్తి అంటే ఇదే కాబోలు అనుకున్నాం.

పరీక్ష దగ్గరపడ్డాక, కాలేజీలో సంగీతం చదివే స్నేహితురాలి వయొలిన్ సరదాకి తీసుకుని వాయించాను. దాని శ్రుతి చక్కగా ఉంది. నా వేళ్లే తప్పు పడ్డాయి. సరిచేసుకోబోతే మళ్లీ అక్కడికే పోయాయి. మాస్టారికి చెబితే పొమ్మంటారు. చెప్పకపోతే ఈ చెయ్యి ఇంకెందుకూ పనికిరాదు.

మర్నాడు పాఠం మధ్యలో కమాను ఆపేశాను.

"ఏటే, ఆగిపోయావు?"

"మాస్టారూ, పంచమం తగ్గి ఉన్నాదండి."

"ఎవరు తగ్గించారు?"

"మీరు సేసి ఇచ్చిందేనండి."

గదిలో శ్రుతిపెట్టె ఒక్కటే మోగుతోంది. ఆయన నా వయొలిన్ తీసుకుని ఎడమ చెవి దగ్గర మీటారు, తర్వాత కుడి చెవి దగ్గర. మళ్లీ ఎడమ చెవికి పెట్టుకున్నారు.

"ఎప్పట్నుంచి?"

"దసరా ముందట్నుంచండి."

"మీకూ తెలుసా?" అని మిగతావాళ్ల వైపు చూశారు. అందరూ తలలు వంచుకున్నారు. ఇక "రాకు" అంటారని నేను కమాను పెట్టెలో పెట్టేయబోయాను. అప్పుడు చూశాను, ఆయన ఎడమ చెవిని అరచేత్తో మూసి, తెరిచి, పదే పదే పరీక్షించుకుంటున్నారు. ఆయనకీ భయం ఉంటుందని అప్పటిదాకా నాకు తోచలేదు.

"నేను తప్పు సేస్తే, మీరు ఆ తప్పు మీద సరిగ్గా వాయించడం నేర్సీసుకున్నారా? రేపు నేను పోతే ఏటవుతాదే మీ గతి? నన్నొక్కణ్నీ సెవిటోణ్ని సేసి కూర్సోబెట్టీసి, మీరంతా మర్యాదగా ఊరుకున్నారు."

వయొలిన్ నా ఒళ్లో పెట్టి "తిప్పు" అన్నారు. మొదటిసారి బిరడ మీద చెయ్యి వేశాను. కంగారులో ఎక్కువ తిప్పేస్తే తీగ తెగి వేళ్ల మీద కొట్టింది. ఆయన బాగా తిట్టారు. తిట్టి, కొత్త తీగ నాచేతే వేయించారు.

ఆ తర్వాత ఆయనేం మెత్తబడిపోలేదు. సరళీ స్వరాల అబ్బాయికి కబురు పెట్టి రప్పించారు, అన్ని నెలలు ఎందుకో విడమర్చి చెప్పారు, మళ్లీ అవే వాయించమన్నారు. శ్రుతి చేశాక మాత్రం వయొలిన్ మా ముందుకు చాచి "సెప్పండి" అనేవారు. ఒక్కోరోజు కావాలనే తప్పు చేసేవారు. అది విని కూడా "బాగుందండి" అన్నామా, ఆ రోజుకి పాఠం లేదు. "మీరు సెప్పకపోతే నాకు భయంరా" అని ఒకసారి మెల్లగా అన్నారు. నా పరీక్ష ఆ ఏడు పోయింది. వేళ్లు దారిలో పడి గట్టెక్కడానికి మరో ఏడాది పట్టింది.

నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక కూడా అప్పుడప్పుడూ ఫోన్లో వాయించి వినిపించేదాన్ని. ఆయన ఫోన్ కుడి చెవికి ఆనించుకుని వినేవారు. "అక్కడ తొందరపడతన్నావు. పిల్లలకీ ఆ తొందరే అంటించీగలవు" అనేవారు. నా దగ్గర నేర్చుకునే పిల్లలు మాత్రం ఎప్పుడడిగినా "సూపర్ మేడమ్" అంటారు. నా తప్పు నాకు చెప్పే మనిషి ఆయనొక్కరే. ఆయన పోయారన్న ఫోన్ రాగానే నాకు వేసిన భయం అదే.

ఫోన్ పక్కన పెట్టి, ఆ పిల్ల వయొలిన్ శ్రుతి పూర్తి చేశాను. దాన్ని అందరి ముందుకూ చాచి "చెప్పండి" అన్నాను. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. వయొలిన్ తాలూకు పిల్ల నోరు తెరిచి, నా మొహం చూసి, మూసేసుకుంది.

శ్రుతిపెట్టె మోగుతూనే ఉంది. నేను వయొలిన్ అలా చాచి పట్టుకునే ఉన్నాను.