నీళ్లు కొట్టిన ఒంటె

"చాలా సులభం, పైసా ఖర్చు లేదు, అన్నీ మీ ఇంట్లో ఉండే వస్తువులే" అని నవ్వుకుంటూ బొమ్మల తయారీ నేర్పించే వీడియోలు చూస్తే నాకు ఒళ్ళు మంట. ఇంట్లో ఉండే వస్తువులట! వాళ్ళ ఇళ్ళల్లో రంగు కాగితాలు, రిబ్బన్లు, పూసలు డబ్బాల నిండా ఉంటాయి. మా క్యాంప్ గదిలో ఉన్నవల్లా మంచాలు, సూట్‌కేసులు, ఒక ఏసీ, దాని రిమోట్ కోసం రోజూ జరిగే పంచాయితీ.

నేను ఖతార్‌లో షట్టరింగ్ కార్పెంటర్ని. స్లాబు కింద చెక్కలు బిగించడం నా పని. కాగితాలు అతికించే ఖర్మ నాకెందుకు పట్టిందంటే, జగిత్యాల దగ్గర మా ఊళ్ళో రెండో తరగతి చదివే నా బిడ్డ వల్ల. అంతకుముందు నేనొక బొమ్మ పంపిస్తే, అచ్చం అలాంటిదే మా ఊరి వారపు అంగడిలో దానికి కనబడింది. దాంతో అది నేను పంపింది కాదని, వాళ్ళమ్మ అంగట్లో కొని దుబాయ్ నుంచి వచ్చిందని బుకాయించిందని తేల్చేసింది. మా ఊరివాళ్ళకు ఖతార్ అయినా దుబాయే.

"నాయినా, కొన్నది పంపకు. నువ్ జేసిన ఒంటెను పంపు. నువ్వే జేసినవో లేదో జూసి చెప్త" అంది ఫోన్లో.

తండ్రిని ఫోన్లోనే ఎక్కువగా చూసిన పిల్ల. ఈసారి కూడా నమ్మకపోతే నాకు అన్నం సయించదు. సరేనన్నాను.

మా గదిలో ఉండే సుతారి మేస్త్రిది మా పక్క ఊరే. గోడలు కట్టడంలో, ప్లాస్టరింగులో ఆయన చెయ్యి తిరిగినవాడు. సోమవారం సెలవు మీద ఇంటికి పోతున్నాడు, ఒంటెను ఆయనే తీసుకుపోవాలి. అందుకని శుక్రవారం పని మొదలుపెట్టాను. అబూ హమూర్‌లో చవక దుకాణంలో బుగ్గలు, అదే బెలూన్లు కొన్నాను. టీ కొట్టు మలయాళీ పాత పేపర్లు ఇచ్చాడు. మెస్ వంటాయన అతికించే జిగురుకు మైదా లై ఉడికించాడు. బుగ్గ ఊది, దాని మీద లైలో ముంచిన పేపరు ముక్కలు పొరలు పొరలుగా అతికించాలి. పది నిమిషాల పనే అన్నది వీడియోలో ఆవిడ. మాకు మధ్యాహ్నానికి పని ఒంటె మెడ దాకా వచ్చింది.

కంపెనీ బస్సు నడిపే హైదరాబాద్ భాయ్ కూడా మా గదిలోనే ఉంటాడు. ఒకప్పుడు ఒంటెల పందాలు జరిగే అల్ షహానియాలో ఒంటెలకు మేత వేసినవాడు కాబట్టి, ఆ రోజంతా ఆయన మాటకు తిరుగులేదు.

"అరే భాయ్, గిది ఒంటెనా, జిరాఫా? గర్దన్ జర తక్కువ జెయ్" అన్నాడు.

మేస్త్రి మాత్రం పనిలోకి దిగాడు. నన్ను పక్కకు జరిపి, లైని తాపీతో నున్నగా తీర్చాడు. సాయంత్రానికి బైండింగు తీగ కాళ్ళ మీద ఒంటె నిలబడింది. నాకెంత ముచ్చటేసిందంటే, దానికి ఎదురుగా కూర్చునే అన్నం తిన్నాను.

మర్నాడు నాకు డ్యూటీ. మేస్త్రికి అప్పటికే సెలవు మొదలైంది. "అన్నా, జర ఒంటెను సూస్కో" అని చెప్పి వెళ్ళాను. నేను చేసిన తప్పు అదే. ఆయన నిజంగానే చూసుకున్నాడు.

సాయంత్రం వచ్చేసరికి కిటికీ దగ్గర నీళ్లోడుతున్న గోనెసంచి కనబడింది. దాని కింద ఏదో ఉంది.

"గిదేందే అన్నా?"

"క్యూరింగ్, తమ్మీ. పొద్దుగాల్ల సంది నీళ్లు గొడ్తనే ఉన్న. గీ ఎండకు నీళ్లు గొట్టకుంటె పగుల్లిడుస్తది."

"అన్నా, అది కాయిదం! సిమెంటు గాదు!"

"ఏదైతేంది? పనైనంక నీళ్లు గొట్టాలె. గప్పుడే గట్టిపడ్తది."

సంచి ఎత్తాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. మాకు కోతి కూడా మిగల్లేదు. కాళ్ళు ముడుచుకుపోయాయి, మెడ నేలకు ఆనింది, మూపురం ఒక పక్కకు జారింది. నా కోపం సంగతి మా క్యాంప్‌లో అందరికీ తెలుసు. ఆ రోజు పక్క గదుల్లోని నేపాలీలకు, బెంగాలీలకు కూడా తెలిసింది. మేస్త్రి బయట చెప్పుల దగ్గర కూలబడి, "పోరికి నా మొఖం ఎట్ల సూపియ్యాలె" అని గొణుక్కున్నాడు. మళ్ళీ మొదటి నుంచి చేయడానికి టైము లేదు.

భాయ్ వచ్చి, ఒంటె చుట్టూ ఒకసారి తిరిగాడు.

"పరేషాన్ గాకు భాయ్. రేస్ అయినంక ఒంటెలు గిట్లనే కూలవడ్తయ్, కసం సే. లేపకు, గిట్లనే ఎండవెడ్దాం."

ఆదివారం ఒంటె కంపెనీ బస్సులో ముందు సీటు మీద కూర్చుని సైటుకు వచ్చింది. అద్దాలు మూసిన బస్సు పొద్దంతా ఎండలో నిలబడింది. మేము డ్యూటీ దిగేసరికి ఒంటె అప్పడంలా ఎండిపోయింది. చిక్కటి చాయ్ డికాషన్ పూస్తే రంగు సరిగ్గా కుదిరింది. కళ్ళు నేనే గీశాను, ఒకటి సగం మూసుకుపోయింది. మేస్త్రి దాన్ని విమానంలో పైన అరలో పెట్టనివ్వకుండా, ఇంటిదాకా ఒళ్ళోనే పెట్టుకుని పోయాడట.

రెండు రోజుల తర్వాత డ్యూటీ నుంచి వచ్చి పడుకుని ఉండగా వీడియో కాల్ వచ్చింది. నా బిడ్డ ఒంటెను అటూ ఇటూ తిప్పి, వాసన చూసింది.

"నాయినా, చాయ్ వాసనొస్తుంది."

ఈసారీ నమ్మలేదనుకున్నాను. వెనక నుంచి నా భార్య అందుకుంది. "గిది మీ నాయిన జేసిందే బిడ్డా. గిసొంటిది పైసలు వెట్టి ఎవ్వరు కొంటరు?"

తిట్టు తిని అంత సంతోషపడింది ఆ ఒక్కసారే.

"మరి గిది ఎందుకు పండుకున్నది?" అని అడిగింది బిడ్డ. రేసు కథ చెబుదామని నోరు తెరిచాను. ఆ లోపే తానే చెప్పేసింది.

"డ్యూటీకి వోయొచ్చింది గదా? నువ్వు గూడ ఫోన్ల ఎప్పుడు గిట్లనే ఉంటవ్. గిది నువ్ జేసిందే నాయినా, నీ లెక్కనే ఉన్నది. ఇగ సప్పుడు జెయ్యకు, లేస్తది." ఒంటెకు తువ్వాలు కప్పి, ఫోను పెట్టేసింది.

నా బిడ్డ నన్నెప్పుడూ పడుకుని ఉండగానే చూసిందని నాకు అంతవరకు తట్టనే లేదు. ఇప్పుడు ఫోను మోగితే ఎంత అలసటగా ఉన్నా లేచి కూర్చుంటున్నాను. నాది కింది మంచం. లేచిన ప్రతిసారీ పై మంచం ఇనుప పట్టీ నెత్తికి ఠంగుమని తగులుతుంది, అక్కడ నా బిడ్డ పకపకా నవ్వుతుంది.