గురువారం టైలరు ఇంట్లో పిట్ట

ఆ వీధిలో టైలరుకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అది ఇప్పటికీ వాడుతున్నది కరెంటు బిల్లూ, వాళ్లక్కా మాత్రమే. మిగతా అందరికీ అతను గురువారం టైలరు. బట్ట చేతికిచ్చి ఎప్పుడిస్తావని అడిగితే చాలు, కళ్లద్దాల పైనుంచి గోడమీది క్యాలెండరు వైపు చూసి, లోకభారమంతా మోస్తున్నవాడిలా తల పంకించి, "గురువారం" అంటాడు. సోమవారం అడిగినా అదే మాట, శుక్రవారం అడిగినా అదే మాట. ఏ గురువారమో మాత్రం ఎన్నడూ చెప్పలేదు కాబట్టి, తాను పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధమూ ఆడలేదని అతని గట్టి నమ్మకం.

పనితనానికి వంక పెట్టలేం. అతను కుట్టిన కోటు వేసుకుంటే గూని ఉన్నవాడు కూడా నిటారుగా నిలబడ్డట్టుంటాడు. అందుకే జనం తిట్టుకుంటూనే వస్తారు, వచ్చి మళ్లీ తిట్టుకుంటూ వెళతారు. ఆ వీధిలో ఉత్తరాలు పంచే ఆవిడ తన యూనిఫాం ప్యాంటు ఎండాకాలంలో ఇచ్చింది. వానలొచ్చి వెళ్లాయి, ప్యాంటు రాలేదు. ఆవిడ ప్రతి గురువారం దుకాణం ముందు సైకిలు ఆపి లోపలికి ఒక చూపు చూసి, బెల్లు గట్టిగా రెండుసార్లు కొట్టి పోతుంది. ఆ బెల్లులో ఏ తిట్టు ఉందో టైలరుకి బాగానే అర్థమయ్యేది.

ముందుగదిలో దుకాణం, మధ్యలో ఒక తలుపు, వెనక రెండు గదుల కాపురం. కాపురమంటే ఒక్కడే. సగం ఊరి పెళ్లికొడుకులకి కోట్లు కుట్టిన మనిషికి తనకోసం ఒకటి కుట్టుకునే తీరిక దొరకలేదు. పొద్దున పక్క దిగుతూనే కొక్కేనికున్న టేపు తీసి మెడలో వేసుకుంటే స్నానానికి తప్ప మళ్లీ పడుకునేటప్పుడే తీయడం. చెవిమీద సుద్దముక్క, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు, మెడలో టేపు, ఇవన్నీ తన ఒంటితో పుట్టినవే అనుకునేంత అలవాటు. భోజనానికి కూర్చున్నప్పుడు గుండుసూదులు మాత్రం తీసేవాడు, అదీ గత్యంతరం లేక.

అలాంటి ఇంటికి ఒకరోజు అక్క దిగింది. అతనికన్నా ఏడేళ్లు పెద్ద. అమ్మ పోయాక అతన్ని పెంచిందీ, సూదిలో దారం ఎక్కించడం నేర్పిందీ ఆవిడే. పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్లు దుప్పట్లు లెక్కపెట్టి రిటైరైంది, భర్త పోయి పదేళ్లయింది. ఊరికి ఆ చివర మూడో అంతస్తులో ఉంటుంది. అక్కడ నేల కింద నీళ్ల గొట్టం పగిలి గదులన్నీ తవ్వి పోశారు. నలభై రోజులు పడుతుందన్నాడు మేస్త్రి. అందుకని ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో పంజరం పట్టుకుని తమ్ముడి గుమ్మం ఎక్కింది.

పంజరంలో పిట్ట పేరు చిట్టి. బూడిదరంగు ఒళ్లు, తలమీద పసుపు కుచ్చు, బుగ్గలమీద నారింజరంగు చుక్కలు, ఎప్పుడు చూసినా ఇప్పుడే ఎవరో అవమానించినట్టుండే ముఖం. కుక్కర్ కూత పెట్టినా, తలుపు కొట్టుకున్నా దడుచుకునే రకం. అయినా రెండుమూడు రోజుల్లో కుక్కర్‌ని క్షమించింది, తలుపునీ క్షమించింది. టైలరుని మాత్రం క్షమించలేదు. అతను గదిలో అడుగు పెడితే చాలు, కుచ్చు నిక్కబొడుచుకుని, రెక్కలు ఊచలకేసి కొట్టుకుని, వీధి చివరిదాకా వినబడేలా కేకలు పెట్టేది.

"నేనేం చేశానక్కా దీన్ని?" అన్నాడు నొచ్చుకుంటూ. ఊళ్లో ఎవరూ తన మాట నమ్మకపోయినా ఏనాడూ బాధపడని మనిషికి ఒక పిట్ట నమ్మకపోతే పౌరుషం పొడుచుకొచ్చింది.

"దాన్నే అడుగు" అంది అక్క.

రెండు వారాలు గడిచేసరికి టైలరుకి ఒక సంగతి తెలిసొచ్చింది. తాను దుకాణం మూసి లోపలికి వచ్చేసరికి లైటు వెలుగుతూ ఉంటోంది. గిన్నెలో వేడిగా ఏదో ఒకటి ఉంటోంది. తిన్నావా అని అడిగే గొంతు ఒకటి ఉంటోంది. ఇన్నేళ్లూ ఇవేవీ లేకుండా ఎలా బతికాడో అతనికే అంతుబట్టలేదు. అక్క వెళ్లిపోతే మళ్లీ చీకటి గదిలోకే నడవాలి. అక్కా ఇక్కడే ఉండిపో అని నోరు తెరిచి అడగొచ్చు. కానీ మన టైలరుకి అవతలివాళ్లు అడిగినదానికి జవాబు చెప్పడమే వచ్చు, తాను అడగడం రాదు.

"ఆ మూడో అంతస్తు మెట్లు ఎక్కుతున్నావా ఇంకా?" అన్నాడు ఒక సాయంత్రం, గోడతో మాట్లాడుతున్నట్టు.

"ఎక్కక ఏం చేస్తాను?" అంది అక్క, గోడకే జవాబిస్తున్నట్టు. "అయినా చిట్టి ఇక్కడ ఇమడదురా. నిన్ను చూస్తేనే హడలిపోతోంది."

అంతే, టైలరు ఆ మాట పట్టుకున్నాడు. పిట్ట ఇమిడితే అక్క ఉంటుంది. మర్నాటినుంచి పిట్ట వెంటపడ్డాడు.

ముందు తిండి ఎర చూపాడు. పొద్దుతిరుగుడు గింజలు, కొర్రకంకులు, యాపిల్ ముక్కలు వేశాడు. అతను గది దాటాక చిట్టి అన్నీ శుభ్రంగా తినేది, తిరిగి అతను కనబడగానే యథాప్రకారం అరిచేది. తర్వాత గొంతు మార్చాడు. మొండి కస్టమర్లకోసం దాచుకున్న తేనెలాంటి గొంతొకటి ఉంది అతని దగ్గర. "కోపం వద్దు తల్లీ, రేపోమాపో మనం స్నేహితులమైపోమూ" అన్నాడు. ఆ గొంతు విని ఉత్తరాలావిడే ఎండాకాలం నుంచి మోసపోతూ వచ్చింది. పిట్ట దగ్గర ఆ పప్పులు ఉడకలేదు.

"మీసం చూసి భయపడుతుందేమో" అని ఉత్తరాలావిడే ఒకరోజు సలహా పడేసింది. అది సాయమో కక్షో తేల్చుకునేంత ఓపిక అతనికి లేదు. ముప్పై ఏళ్ల మీసం ఆ పూటే తీసేశాడు. మధ్యాహ్నం ఒక పెద్దమనిషి దుకాణంలోకి వచ్చి అతన్ని ఎగాదిగా చూసి, "టైలరు ఎప్పుడొస్తాడు బాబూ?" అని అడిగాడు. "గురువారం" అన్నాడు టైలరు, ఆలోచించకుండా. ఆ పెద్దమనిషి నిట్టూర్చి వెళ్లిపోయాడు. లోపలికి వెళితే చిట్టి అరుపులో మార్పేమీ లేదు, ఇంకొంచెం గట్టిగా అరిచిందేమో కూడా.

ముప్పై ఐదో రోజు, ఆదివారం, టైలరుకి తన వృత్తికి తగ్గ ఆలోచన వచ్చింది. పంజరానికి మెత్తటి గుడ్డతో ఒక ముసుగు కుట్టాలి. మూడువైపులా మూసి, ముందువైపు తెరలు పెట్టి, పైన అంచుకి పసుపు పట్టీ వేయాలి. చిట్టి తన కుచ్చు రంగు చూసుకుని మురిసిపోవాలి. కొలతలు లేకుండా ముసుగు కుట్టడం ఏ టైలరుకైనా నామోషీ. అక్క స్నానానికి వెళ్లిన సమయం చూసి పంజరం దగ్గర చతికిలబడి, మెడలోంచి టేపు లాగి, ఎత్తు కొలుద్దామని ఒక కొస ఊచల సందులోంచి లోపలికి వదిలాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి మాటలు చాలవు. పిట్ట పంజరమంతా గిరగిరా తిరిగింది, తలకిందులైంది, నీళ్ల గిన్నె బోల్తా కొట్టింది, తోక ఊచల్లో ఇరుక్కుంది. అక్క తడితలతో పరుగెత్తుకొచ్చేసరికి నేలమీద మూడు పొడుగాటి ఈకలు, ఒకదాని మొదట్లో చుక్క నెత్తురు. టైలరు టేపు పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాడు.

అక్క పిట్టని రెండు చేతుల్లోకి తీసుకుని గుండెకి ఆనించుకుంది. నిదానంగా అంది. "మేస్త్రి ఫోన్ చేశాడురా. నేల వేయడం అయిపోయిందట. గురువారం వెళ్లిపోతాను." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "ఈ గురువారమే. నీ గురువారం కాదు" అని కూడా చెప్పింది.

సోమవారం టైలరు షట్టరు ఎత్తలేదు. టేపు కొక్కేనికే ఉంది. లేచినవాడు లేచినట్టే వెళ్లి పంజరం ముందు నేలమీద కూలబడ్డాడు. తేనెగొంతు వాడే ఉత్సాహం కూడా లేదు. "తప్పు నాదే" అన్నాడు మామూలు గొంతుతో. "నీకు దెబ్బ తగలాలని కాదు. మీరిద్దరూ వెళ్లిపోతే నాకు ఇల్లు ఇల్లులా ఉండదు, అంతే."

చిట్టి అరవలేదు. తల ఓరగా వంచి ఒక కంటితో అతన్ని చూసింది, మళ్లీ తిప్పి రెండో కంటితో చూసింది. కుచ్చు మెల్లగా వాలింది. కర్రమీద ఒక్కొక్క అడుగే పక్కకి వేసుకుంటూ వచ్చి, ఊచల్లోంచి అతను చాచిన వేళ్లమీది గింజని తీసుకుంది. టైలరు కళ్లు చెమర్చాయి. అతను ఆ సంగతి ఎప్పటికీ ఒప్పుకోడు గానీ, చెమర్చాయి.

అంతలో సైకిలు బెల్లు మోగి, షట్టరుమీద దబదబా చప్పుడైంది. షట్టరు తీయలేదేమిటా అని ఉత్తరాలావిడ. టైలరు లేచి, అలవాటుకొద్దీ టేపు మెడలో వేసుకుని వెళ్లి, ఆవిడ చేతిలో ఉత్తరం అందుకుని, ఉరుకులు పరుగుల మీద వెనక్కి వచ్చాడు. పిట్ట ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. కిందికి చూసుకున్నాడు. గుండెకి రెండువైపులా టేపు కొసలు, పసుపుపచ్చగా, పొడుగ్గా, నల్లటి గీతలతో, అచ్చం పాముల్లా ఊగుతున్నాయి. ముప్పై ఏళ్లలో టేపుని అలా పరాయి కళ్లతో చూడటం అతనికి అదే మొదటిసారి. మీసం అనవసరంగా పోయిందన్న బాధ ముందు కలిగింది. ఆ తర్వాతే సిగ్గేసింది.

"అక్కా, ఇది టేపుని చూసి భయపడుతోంది!"

"తెలుసు" అంది అక్క, పెట్టెలో బట్టలు సర్దుతూనే. "మూడోరోజు నువ్వు టేపు కుర్చీమీద పడేసి స్నానానికి వెళ్లావు. అది కుర్చీని చూసి అరిచింది."

"మరి చెప్పలేదేం? మీసం తీసేసినప్పుడైనా చెప్పొద్దా?"

"మీసం లేకుండానే బాగున్నావులే." అక్క మడతపెడుతున్న చీర పక్కన పెట్టింది. "మూడు వారాలుగా పిట్టని బతిమాలావురా. ఉండమని నన్ను ఒక్కసారైనా అడిగావా?"

ఎట్టకేలకి, "ఉండిపో అక్కా" అన్నాడు.

"నీ మాట పట్టుకుని ఎలా ఉండనురా? నా కంటి ఆపరేషనప్పుడు గురువారం వస్తానన్నావు. కళ్లకి కట్టు ఉన్నన్నాళ్లూ ఎవరి అడుగుల చప్పుడైనా నువ్వేననుకున్నాను. కట్టు విప్పి ఇంటికి పంపాక వచ్చావు, పళ్ల సంచి పట్టుకుని. నేనిచ్చిన కోటు గుడ్డకి తొమ్మిదేళ్లు. పిట్ట టేపుకి భయపడుతుంది. నేను భయపడేది నీ గురువారానికి."

ఎవరినీ మోసం చెయ్యలేదనుకుంటూ బతికిన మనిషికి, కళ్లకి కట్టుతో అడుగుల చప్పుడు లెక్కపెట్టిన అక్క కనబడింది. ఆ మాట గుచ్చుకున్నంతగా ఏ గుండుసూదీ గుచ్చుకోలేదు.

మధ్యాహ్నం దుకాణంలోకి వెళ్లి బట్టల మూటలన్నీ దించాడు. అట్టడుగున ఉంది ఆ బూడిదరంగు ఉన్ని గుడ్డ, అక్క చేత్తో కట్టిన ముడి కూడా విప్పకుండా. దాన్ని లోపలిగదిలో బల్లమీద పరిచాడు. కొలతలిస్తావా అని అడిగితే, ఇప్పుడెందుకురా అంటుందని తెలుసు. పైగా టేపు తీస్తే చిట్టి ఊరుకోదు. భుజం ఇంత, చేయి ఇంత అని అక్కని తలచుకుంటూ జానలు, బెత్తెలు వేసి సుద్దతో గీశాడు. టేపు లేకుండా కత్తెర పెట్టడం వృత్తిలోకి వచ్చాక అదే మొదలు. మంగళవారానికల్లా చిట్టి తెరిచి ఉంచిన పంజరం దిగి కుట్టుమిషను మీదికి ఎక్కి, సుద్దముక్క కొరకడం మొదలుపెట్టింది. అక్క పక్కగదిలో మిషను చప్పుడు వింటూ, విననట్టు పెట్టె సర్దుకుంటూనే ఉంది.

మధ్యలో ఉత్తరాలావిడ వచ్చి తన ప్యాంటు సంగతి అడిగింది. "ఈ వారం కాదు. ఇంట్లో పనుంది. వచ్చే సోమవారం ఇస్తాను" అన్నాడు. ఆవిడ కంగారుపడిపోయింది. "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగి, మొదటిసారి బెల్లు కొట్టకుండా వెళ్లిపోయింది.

బుధవారం సాయంత్రం టైలరు కోటు తెచ్చి అక్క ముందు పట్టుకున్నాడు. అక్క దాన్ని చూసింది, అతన్ని చూసింది, గోడమీది క్యాలెండరు చూసింది.

"ఇవాళ బుధవారం కదరా" అంది.

కోటు తొడుక్కుంది. భుజాలు అతికినట్టు సరిపోయాయి. ఎడమచేయి మాత్రం ఒక వేలెడు పొట్టిగా వచ్చింది. "విప్పక్కా, సరిచేసి ఇస్తా" అన్నాడు గాభరాగా.

"ఎప్పుడిస్తావ్?"

టైలరు నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ల అలవాటు నాలుక చివరిదాకా వచ్చేసింది. దాన్ని మింగేసి, "ఇప్పుడే" అన్నాడు. కోటు అందుకుని మిషను ముందు కూర్చుని కుట్టు విప్పసాగాడు. చిట్టి ఎగిరొచ్చి బోసిమెడ పక్కన భుజంమీద వాలి, చొక్కా కాలరు దారం పీకడం మొదలుపెట్టింది.

అప్పుడే ఫోన్ మోగింది. మేస్త్రి. తాళాలు సిద్ధంగా ఉన్నాయి, రేపు ఎన్నింటికి వస్తారని అడుగుతున్నాడు. అక్క కళ్లద్దాల పైనుంచి క్యాలెండరు వైపు చూసి, తీరిగ్గా తల పంకించింది.

"రేపు కుదరదు బాబూ. గురువారం వస్తాను."

రేపు గురువారమే కదమ్మా అన్నట్టున్నాడు అవతల.

"ఏ గురువారమో చెప్పానా?" అంది అక్క, ఫోన్ పెట్టేసింది.

ఆ మాటకి అర్థమేమిటో ఊరు మొత్తంమీద టైలరుకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. తల వంచుకుని మిషను తొక్కాడు.