సరస్సు ఒడ్డున భోజనం

మా వీధిలో ఎవరు పెట్టె సర్దుకుంటున్నా ముందు మా బావ దగ్గరికే వస్తారు. పక్క ఊరికి పోయేవాళ్ళూ వస్తారు, సముద్రాలు దాటేవాళ్ళూ వస్తారు. బావ అసలు పేరు ఉత్తరాలు తెచ్చే మనిషికి తప్ప ఎవరికీ గుర్తు లేదు, వీధంతా ఆయన్ని విమానం అంటారు. ఇరవై రెండేళ్ళు ఒక టూరిస్టు కంపెనీలో వంటవాడిగా చేశాడు. పరాయి దేశాలు చూడ్డానికి వెళ్ళిన జనం నాలుగో రోజుకల్లా ఇంటి తిండికి మొహం వాచిపోతారని, నలభై మందికి ఒక వంటవాణ్ణి కూడా బస్సెక్కించే కంపెనీ అది. బావ పాస్‌పోర్టులో పద్దెనిమిది దేశాల ముద్రలున్నాయి. మోకాళ్ళు అరిగిపోయి రెండేళ్ళ కిందట మానేశాడు.

నేను ఆయన మరదల్ని. అక్కావాళ్ళింట్లోనే ఉంటాను. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకి, నా నోటికి జడిసి ఎవరూ రాలేదని చెబుతుంటాను, అందులో సగం నిజమే. ముందుగదిలో కిటికీ పక్కన నా కుట్టుమిషను, కిటికీ అవతల గుమ్మం ముందు బెంచీ. ఆ బెంచీ మీద కూర్చుని బావ చెప్పే సలహాలన్నీ నా చెవిన పడాల్సిందే.

“కొత్త చెప్పులతో ప్రయాణం పెట్టుకోకండి. నెల ముందే కొని ఇంట్లో తిరగండి, కరిస్తే ఇక్కడే కరుస్తాయి,” అనేవాడు. “పాస్‌పోర్టు నకలు ఒకటి పెట్టెలో, ఒకటి ఒంటిమీద, ఒకటి ఇంట్లోవాళ్ళ దగ్గర. బస్సు ఆగిన ప్రతిచోటా అవసరమున్నా లేకపోయినా మరుగుదొడ్డికి వెళ్ళిరండి, తర్వాతది ఎప్పుడొస్తుందో డ్రైవరుకి కూడా తెలీదు. తలుపు దగ్గర నిలబడి చెయ్యి పట్టుకుని లోపలికి లాగే హోటల్లో తినకండి. లారీ డ్రైవర్లు తినేచోట తినండి. కొండమీద ఆకలి తెలీదు, వేసేదాకా ఆగారంటే కళ్ళు తిరుగుతాయి.”

వాళ్ళు వెళ్ళొచ్చాక మళ్ళీ వచ్చి, మీరు చెప్పబట్టి బతికిపోయాం అనేవాళ్ళు. ఈ సలహాల్లో ఒక్కటీ తప్పు పోలేదు, ఆ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను.

సలహాలు అయ్యాక బావ అసలు కథ మొదలుపెట్టేవాడు. కోటలు, వంతెనలు, మంచుకొండలు. అన్నిటికంటే ఎక్కువగా ఒక సరస్సు. చుట్టూ కొండలు, ఒడ్డున రాతి మేడ, మేడ ముందు తెల్లగుడ్డలు పరిచిన బల్లలు. “ఎండ వాలేసరికి నీళ్ళు రాగిరంగుకి తిరుగుతాయండీ. ఆ రంగు మన పళ్ళెంలో కూడా పడుతుంది. అంత జనం కూర్చుని తింటుంటారా, చెంచా చప్పుడు తప్ప మాట వినపడదు.” కళ్ళకు కట్టినట్టు చెప్పేవాడు. నేను మిషను ఆపి వినేదాన్ని. లోపల వంటింట్లో అక్క కూడా గిన్నెల చప్పుడు ఆపేసేది.

అక్కకి ఆ సరస్సు మీద మనసు పడింది. నగలమీదా చీరలమీదా ఎప్పుడూ పడని మనిషి. పెళ్ళయినప్పటి నుంచీ అక్క తిన్న ప్రతి ముద్దా తను వండుకున్నదో, బావ వండిందో. బయట తినడమనేది ఆ ఇంట్లో కుదరలేదు. మొదట్లో ఒకటి రెండుసార్లు వెళ్ళారు. బావ కూర్చున్న పది నిమిషాలకి లేచి వాళ్ళ వంటింట్లోకి తొంగిచూసొచ్చి, “ఇక్కడొద్దు, పద,” అనేవాడట. మంచినీళ్ళు తాగి ఇంటికొచ్చి ఎసరు పెట్టుకునేవాళ్ళు. ఇంక అక్క అడగడం మానేసింది.

పోయిన ఏడాది అక్కకి ముద్ద దిగడం మానేసింది. ముందు గొంతులో ఏదో అడ్డుపడుతోందంది, తర్వాత అన్నం మెత్తగా పిసుక్కుని తినసాగింది, తర్వాత అదీ లేదు. డాక్టరు ఫోటోలు తీయించి చూసి, అన్నం దిగే గొట్టంలో పుండు పెరుగుతోంది, కోసే దశ దాటిపోయింది అన్నాడు. మెత్తటివి కొన్ని వారాలు దిగుతాయి, ఆపైన పొట్టలోకి నేరుగా ట్యూబు వెయ్యాలి, నోటితో తినడమనేది ఇక ఉండదు. అక్క ఎదురుగానే చెప్పాడు. దాపరికం పనికిరాదనే డాక్టరు, మంచివాడే, అయినా నాకు వాడి పీక నొక్కాలనిపించింది.

ఆ సాయంత్రం అక్క బావని పిలిచి కూర్చోబెట్టింది.

“ఏమండీ, మింగగలిగినన్నాళ్ళే నాకు టైము. మీ సరస్సు దగ్గర ఒక్క పూట తినాలి. మీరు వండకూడదు. నేను వండకూడదు. ఎవరో తెచ్చి నా ముందు పెట్టాలి.”

బావ నీళ్ళు నమిలాడు. అంత దూరం నువ్వు తట్టుకోలేవన్నాడు, చలన్నాడు, మోకాళ్ళన్నాడు. ప్రపంచమంతా తిరిగినవాడు పెళ్ళాన్ని ఒక్కచోటికి తీసుకెళ్ళడానికి ఇన్ని వంకలా అని నాకు ఒళ్ళు మండింది.

“బావా, కాలికి బలపం కట్టుకుని ఒక్కడివే తిరగడమేనా నీకు తెలిసింది? మా అక్కేం పాపం చేసింది?” అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మర్నాడే వెళ్ళి కంపెనీ యజమానిని అడిగాడు. ఆయన ఆ ఏటి ఆఖరి బస్సులో మూడు సీట్లిచ్చాడు, మూడోది అక్కకి తోడుగా నాకు. పెట్టెలు బావే సర్దాడు. అక్క మందులు రెండు చోట్ల పెట్టాడు, ఒక పెట్టె పోయినా రెండోది ఉండాలని. ఒక ఫ్లాస్కూ, జావపొడి డబ్బా చేతిసంచీలో పెట్టాడు. అక్క నవ్వి, “నా పెళ్ళివిందుకి మీ జావెందుకు?” అంది. వద్దన్నా తీయలేదు.

నాకు మొదటిరోజే అనుమానం రావాల్సింది. బస్సు ఎక్కడ ఆగినా జనమంతా దిగి ఒకవైపు వెళ్తే, బావ రెండోవైపు వెళ్ళేవాడు. కోట దగ్గర కొత్త వంటవాడికి పొయ్యికి గాలి తగలని మూల చూపించడానికి వెళ్ళాడు. వంతెన దగ్గర నీళ్ళ కుళాయి ఎక్కడుందో చెప్పడానికి వెళ్ళాడు. “పదిసార్లు చూసినవి మళ్ళీ ఏం చూస్తారులే,” అని అక్క సర్దిచెప్పింది. దారిపొడుగునా తను మాత్రం ఏమీ తినలేదు. రెండు పూటలా పాలు తాగి సరిపెట్టింది. గొంతులో ఉన్న కాస్త దారీ సరస్సు దగ్గరి పూటకి మిగుల్చుకుంటోందని నాకు అర్థమయింది.

నాలుగో రోజు సరస్సు. బస్సు ఎత్తుమీద ఆగింది, చెట్లు అడ్డం, నీళ్ళు కనపడలేదు. జనమంతా పడవ ఎక్కడానికి అటు దిగిపోయారు, ఐదింటికి బస్సు కదులుతుందన్నారు. అప్పుడు టైము మూడు. అక్క ఆ పొద్దునే తన మంచి చీర కట్టుకుంది. బావ ఆమె చెయ్యి పట్టుకుని ఏమాత్రం తడబడకుండా ఒక సందులోకి నడిచాడు. సందు చివర ఇనుప గేటు. గేటు లోపల గచ్చునేల, మూతలు పెట్టిన చెత్తడబ్బాలు, ఖాళీ కూరగాయల పెట్టెలు, ఎదురుగా రాతి మేడ వీపు.

“ఇదే,” అన్నాడు బావ.

అక్క చుట్టూ చూసింది. నేనూ చూశాను. తెల్లగుడ్డ లేదు, బల్ల లేదు, నీళ్ళు లేవు.

తెల్ల ఏప్రను కట్టుకున్న మనిషొకడు తలుపు తీసుకుని సిగరెట్టు తాగడానికి బయటికొచ్చాడు. బావని చూడగానే గుర్తుపట్టి వచ్చి చెయ్యి కలిపాడు. బావకి వాళ్ళ భాషలో పది మాటలొచ్చు, అన్నీ వంటింటి మాటలు. చేతులతోనూ ఆ పది మాటలతోనూ అడిగాడు. ఆ మనిషి గడియారం చూపించి తల అడ్డంగా ఊపాడు. భోజనాలు రెండున్నరకే అయిపోయాయి, బల్లలు తీసేశారు, మళ్ళీ ఏడింటికి. ముందు తలుపు కావాలంటే రోడ్డుమీదుగా చుట్టూ తిరిగి, నూట నలభై మెట్లు కిందికి దిగాలి. వంటింట్లోంచి పంపడానికి వీల్లేదు, నేల కడుగుతున్నారు.

“మూడింటికి లోపల ఎప్పుడూ సందడిగా ఉంటుందే,” అన్నాడు బావ నాతో. పాపం, ఉంటుంది. అది గిన్నెలు కడిగే సందడి.

అక్క ఒక ఖాళీ పెట్టె మీద కూర్చుంది. “ముందునుంచి చూస్తే ఎలా ఉంటుందండీ?” అని మెల్లిగా అడిగింది.

బావ చేతిసంచీ కింద పెట్టాడు. తర్వాత, “నాకు తెలీదు,” అన్నాడు.

“అంటే?”

“ముందుకి ఎప్పుడూ వెళ్ళలేదు. వాళ్ళు చూసొచ్చేలోపల నలభై మందికి వండాలి. వాళ్ళు తింటూ చెప్పుకుంటారు కదా, అది విన్నాను.”

“కోట?”

“చూళ్ళేదు.”

“మంచుకొండలు?”

“బస్సులో వెనక సీటు నాది. కిటికీకి బియ్యం బస్తాలు అడ్డం.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఎందుకు చెప్పావు బావా ఇన్నేళ్ళూ?” అన్నాను.

“మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు, ఏమేం చూశారని మీ అక్క అడిగింది. పార్కింగు చూశానని ఎలా చెప్పను? ఆ మొహం చూసి చెప్పలేకపోయాను. తర్వాత ఇంక అలవాటైపోయింది.”

ఆ మెట్లు అక్కని మోసుకుని దిగుతానన్నాను, కనీసం నీళ్ళయినా చూస్తుందని. అక్క వద్దంది. “చూడ్డానికి రాలేదే నేను, తినడానికొచ్చాను.” బావవైపు తిరిగి అడిగింది, “మీ పొయ్యి ఎక్కడ పెట్టేవారు?”

బావ చూపించాడు. గోడ మూలలో మోకాలి ఎత్తున రాయి నల్లగా మసిబారి ఉంది. ఇరవై రెండేళ్ళ మసి, ఏ వానకీ పోలేదు. అక్క లేచి వెళ్ళి దాన్ని వేలితో రాసి చూసుకుంది.

ఇంతలో ఏప్రను మనిషి లోపలికెళ్ళి ఒక గిన్నెలో సూపు, మడిచిన తెల్లగుడ్డ తెచ్చాడు. ఎవరూ అడగలేదు. అక్క ఒళ్ళో గుడ్డ పరిచి, గిన్నె చేతికిచ్చి, పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. అక్క ఆవిరి వాసన చూసింది. ఒక చెంచా నోట్లో పోసుకుని కళ్ళు మూసుకుంది. అది దిగలేదు. దగ్గుతో పాటు మొత్తం బయటికొచ్చి తెల్లగుడ్డ మీద పడింది. ఇంకో చెంచా. అదీ అంతే. ఆ మనిషి తన వంట నచ్చలేదనుకున్నాడేమో, మొహం చిన్నబుచ్చుకున్నాడు. కాదని చెప్పడానికి బావ దగ్గరున్న పది మాటల్లో సరిపోయే మాట లేదు.

బావ ఫ్లాస్కు తీసి, జావ పల్చగా కలిపి, మూతలో పోసి పట్టాడు. రెండు గుక్కలు వెళ్ళాయి. మూడోది వెళ్ళలేదు. ఆ రెండు గుక్కలే అక్క నోటితో మింగిన ఆఖరి తిండి, అదీ మళ్ళీ బావ వండిందే. ఐదింటికి బస్సెక్కాం. పడవ దిగి వచ్చినవాళ్ళు సరస్సు గురించి ఒకటే మాటలు. బావ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. వినకుండా ఉండడానికి చెవులక్కూడా రెప్పలుంటే బాగుండేది.

ఇంటికొచ్చాక అక్క పది వారాలుంది. ట్యూబులోంచి బావే పోసేవాడు, వడగట్టి, వేడి చూసుకుని, ఉప్పు కూడా వేసేవాడు. నాలిక దాటి పోయేదానికి ఉప్పెందుకని నేనడగలేదు. చూడ్డానికొచ్చిన పక్కింటావిడ, “సరస్సు ఎలా ఉంది వదినా?” అంది. బావ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. అక్క ఆయనవైపు చూడకుండానే, “ఆయన చెప్పినట్టే ఉంది,” అంది. క్షమించి అందో, దెప్పిందో, అంత ఓపిక లేక అనేసిందో నాకు ఇప్పటికీ తేలలేదు. బావకి మాత్రం ఆ రోజు నుంచి అన్నం సయించలేదు.

అక్క పోయాక చాలాకాలం బెంచీ ఖాళీగా ఉంది. నిన్న మధ్యాహ్నం వీధి చివరింటి కొత్త జంట వచ్చింది. ఆ సరస్సున్న దేశానికే వెళ్తున్నారట. బావ తప్పదన్నట్టు బయటికొచ్చి కూర్చున్నాడు. చెప్పులన్నాడు, పాస్‌పోర్టన్నాడు, మరుగుదొడ్డన్నాడు. ఆ అమ్మాయి, “సరస్సు దగ్గర భోజనం బాగుంటుందట కదా బాబాయిగారూ?” అంది.

ఇప్పుడైనా నిజం చెబుతాడని చూశాను. ముందు దారిన వెళ్ళండి, రెండున్నరలోపల వెళ్ళండి అని ఒక్క మాట. ఆ మాట చెబితే ఆ రోజు దేనికో ఒకదానికి పనికొచ్చినట్టుండేది.

“తెల్లగుడ్డలు పరుస్తారమ్మా,” అన్నాడు బావ. “నీళ్ళు రాగిరంగుకి తిరుగుతాయి. మా ఆవిడ నీళ్ళకి ఎదురుగా కూర్చుంది, నేను ఇటువైపు. తృప్తిగా తిన్నది. రెండోసారి అడిగి మరీ పెట్టించుకుంది.”

నేను మిషను ఆపలేదు. ఆపితే కిటికీలోంచి ఏదో ఒకటి అనేస్తానని, చేతిలో గుడ్డ అయిపోయినా తొక్కుతూనే ఉన్నాను.